రెండు పిన్‌కోడులు – ఒక లెక్క

చిరునామాను మనము తెలుగున వ్రాసినను, పొరుగువారు తమిళమున వ్రాసినను, ఉత్తరమునకు దారి చూపునవి చివరి ఆరు అంకెలే. ఈ పిన్‌కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైనది. విరుదునగరమునకు 626001, కోవిల్పట్టికి 628501. ఈ రెంటికిని 1 గాక మరియొక సామాన్య భాజకము కలదా? ఆరు లక్షలకు మించిన సంఖ్యలను కారణాంకములుగా విడదీయబూనిన పలక చాలదు. తీసివేసి చూతము. భేదము 2500, చక్కగా 50కి వర్గము! రెంటిని నిశ్శేషముగా భాగించు సంఖ్య వాని భేదమును గూడ భాగించి తీరవలెను. 2500కు ప్రధాన కారణాంకములు 2, 5 మాత్రమే. మన సంఖ్యలు రెండును 1తో ముగియుచున్నవి గనుక 2 గాని 5 గాని వానిని భాగింపజాలదు. కావున అవి పరస్పర ప్రధాన సంఖ్యలు. మీ యూరి సంఖ్యను, అమ్మమ్మగారి యూరి సంఖ్యను ఇట్లే పరీక్షింపుడు.