చెరువు అంచు రైతులకు కొన్ని మాటలు



నుమాయిష్ చూచుటకో, కచేరీ పనిమీదనో మీరు నాంపల్లికి వచ్చుచుందురు. అబిడ్స్‌లో కావలసిన సరుకులు కొనుక్కొని ఊరికి మరలుదురు. ఈసారి వచ్చినపుడు ఒక పూట మిగుల్చుకొని దగ్గరలోనే ఉన్న రెండు చోట్లు చూచి రండి.

మొదటిది నాంపల్లికి పడమట ఉన్న మాసాబ్ ట్యాంక్. పేరులో చెరువున్నది, నేలమీద లేదు. ‘మాసాహెబా’ అని ప్రజలు పిలిచిన హయాత్ బక్షీ బేగం పేరే ఆ చెరువుకు వచ్చినదని చెప్పుదురు. నేడు అచ్చట రోడ్లు, మేడలు ఉన్నవి.

రెండవది ఉత్తరాన ఉన్న హుస్సేన్‌సాగర్. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన ఈ చెరువు ఒకప్పుడు నగరమునకు మంచినీరిచ్చినది. మురుగు, కర్మాగారముల వ్యర్థములు చేరుటచే ఆ నీరు నేడు త్రాగుటకు పనికిరాదు.

ఒక చెరువు పూడిపోయినది, మరొకటి చెడిపోయినది. మీ ఊరి చెరువుకైనను పొంచియున్న ముప్పులు ఈ రెండే.

శిఖం భూమి

చెరువు నిండినపుడు మునిగి, నీరు తీసినపుడు తేలు భూమిని శిఖం అందురు. కొన్ని చెరువులలో ఇది రైతుల పట్టా భూమి. నీరు తీసిన పిమ్మట అందులో పైరు వేసుకొనుట పాత ఆచారమే. కాని పట్టా ఉన్నదని మట్టి పోసి ఎత్తు చేయుటకు గాని, కట్టడములు కట్టుటకు గాని వీలులేదు.

ఒక ఎకరములో మీటరు ఎత్తున మట్టి పోసినచో సుమారు 40 లక్షల లీటర్ల నీటికి చోటు పోవును. ఆ నీరు ఊరుకొనదు, ప్రక్కవాని పొలముపైనో, ఇంటిపైనో పడును. 2020 అక్టోబరు వరదలో చెరువు కడుపున వెలసిన హైదరాబాదు కాలనీలు మునిగినది ఇందువలననే. వేసవిలో ఆ నష్టము మరియొక విధముగా కనిపించును: ఆయకట్టు ఎండును, బావులలో ఊట తగ్గును.

కలిసి చేయవలసిన పనులు

1. నిండు చెరువు హద్దును నీటిపారుదల శాఖవారి పటములో చూచి, అందరి ఎదుట రాళ్లు పాతించవలెను.

2. వానలకు ముందే వాగులు, కాలువలు బాగుచేసి, తూము, అలుగు పరీక్షించవలెను. అలుగుపై మట్టికట్ట వేసి నీరు పెంచరాదు; కట్ట తెగును.

3. పూడిక మట్టిని ఎర్ర చెల్క నేలలకు తోలుకొనవలెను. తేమ నిలుచును. ముందుగా మట్టి పరీక్ష చేయించుట మంచిది. కట్ట మొదటికి దగ్గరగా త్రవ్వరాదు.

4. పురుగుమందు పంపులు, డబ్బాలు చెరువులో కడుగరాదు. గుర్రపుడెక్క కొద్దిగా ఉన్నపుడే తీసివేయవలెను.

పక్షులు మీ పాలివారు

కొంగలు నత్తలను, పురుగులను తినును. పక్షుల రెట్ట నీటికి సత్తువనిచ్చును. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు ఈ మేలు ఎరిగియే, 18వ శతాబ్దము చివర పక్షులను కాల్చకుండునట్లు కలెక్టరు వద్ద ఉత్తర్వు పొందిరి. మన గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుచున్నవి. ఊరివారు వాటిని బెదరనీయరు. మీ చెరువులోని గూళ్ల చెట్లను నరుకకుడు. పక్షులకు మందు పెట్టుట, వల వేయుట 1972 వన్యప్రాణి చట్టము ప్రకారము నేరము కూడ.

పూర్వము చెరువును కనిపెట్టుటకు ఊరికి నీరటి ఉండెడివాడు. ఆ పని ఇప్పుడు చెరువు అంచున భూమిగల మీ అందరిది. ఒక్కడు మట్టి పోయునపుడు తక్కినవారు చూచి ఊరుకొన్నచో, మరునాడు ఇంకొకడు పోయును. తొలకరికి ముందే అందరు కట్టమీద ఒకసారి కూడి, ఎవరి పని ఏదో నిర్ణయించుకొనండి. మీ ఊరి చెరువు పేరుకు మాత్రమే మిగులరాదు.