వేయించిన నూడుల్స్: మలేషియా, సింగపూర్‌లకు కొత్తగా వచ్చే తెలుగువారికి

ఉద్యోగానికో చదువుకో సింగపూర్ చేరిన తెలుగువారికి, ఇల్లు కుదిరి వంట మొదలయ్యే దాకా, హాకర్ సెంటరే, అంటే ఒకే కప్పు కింద చిన్న చిన్న వంట దుకాణాలు వరుసగా ఉండి మధ్యలో ఉమ్మడి బల్లలు వేసి ఉండే ప్రాంగణమే, భోజనశాల అవుతుంది. ఈ హాకర్ సంస్కృతిని యునెస్కో 2020లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ దొరికే వేయించిన నూడుల్స్ చూపుకు ఒకేలా ఉన్నా, వేయించే కొవ్వు, కలిపే సాస్ దుకాణాన్ని బట్టి మారతాయి కనుక, ఆహార నియమాలున్నవారు పైన వేసే ముక్కల కన్నా ముందు వాటి గురించే అడగాలి.

మలేషియాలోని పెనాంగ్ పేరు చెప్పగానే గుర్తొచ్చే చార్ క్వే తియావ్ ఇందుకు మంచి ఉదాహరణ. బియ్యప్పిండితో చేసిన వెడల్పాటి నూడుల్స్‌ను బాగా కాగిన ఇనుప మూకుడులో వెల్లుల్లితో, నల్ల సోయా సాస్‌తో వేయించి, పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట గుడ్డు కొట్టి, పెసర మొలకలు వేసి, ఎక్కువ ఉడికితే రబ్బరులా సాగే చిన్న గుల్లలను చివర్లో కలుపుతారు. సంప్రదాయ పద్ధతిలో వాడేది పంది కొవ్వు. గుల్లలు, రొయ్యలు తీసేయమన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. సింగపూర్ హొక్కియెన్ మీ కూడా అంతే, దాని రుచికి ఆధారం రొయ్యలు, పంది ఎముకలు మరిగించిన రసం.

తెలుగు నాలుకకు దగ్గరైనది మీ గోరెంగ్ మామక్. దక్షిణ భారతం నుంచి వలస వెళ్ళిన తమిళ ముస్లింల దుకాణాల్లో రూపుదిద్దుకున్న ఈ వంటకంలో పసుపుపచ్చని గోధుమ నూడుల్స్, బంగాళాదుంప, టోఫు, మిరప ముద్ద ఉంటాయి, పైన నిమ్మరసం పిండుకుంటారు. మొదటిసారి తినేవారు దీనితోనే మొదలుపెట్టడం మేలు. ఈ దుకాణాలు హలాల్ కనుక పందిమాంసం ఉండదు గాని, మిరప ముద్దలో ఎండు రొయ్యలు ఉండవచ్చు. మలయ్ భాషలో మాంసాన్ని దాగింగ్, రొయ్యను ఊడాంగ్, గుడ్డును తెలూర్ అంటారు. వద్దనుకున్నదాని పేరుకు ముందు 'తాక్ మావు' చేర్చి చెబితే చాలు. పూర్తి శాకాహారులు బౌద్ధ శాకాహార దుకాణాలను ఆశ్రయించడం మరింత నిశ్చింత, అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా సాధారణంగా వాడరు.

సింగపూర్ హాకర్ సెంటర్లలో తిన్న ట్రేను తిరిగి అప్పగించే నియమాన్ని 2021 సెప్టెంబరు 1 నుంచి ఖచ్చితంగా అమలు చేస్తున్నారు.