కాయిన్ కొనకుండానే బిట్‌కాయిన్ కమ్యూనిటీలోకి

బిట్‌కాయిన్ మాట ఎత్తగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఇప్పుడు కొనొచ్చా?" అని. దానికి జవాబు ఈ వ్యాసంలో దొరకదు. 2009 జనవరి 3 నుంచి ఏ కంపెనీ, ఏ ప్రభుత్వం యజమానిగా లేకుండా ఈ నెట్‌వర్క్ నడుస్తోంది. నడిపిస్తున్నవాళ్లు ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉన్న మామూలు మనుషులు. వాళ్లలో మీరూ ఒకరు కావాలంటే ఏం చేయాలో వరుసగా చెబుతాను. వారానికి నాలుగైదు గంటలు, ఒక కంప్యూటర్, చాలా ఓపిక ఉంటే చాలు. కోడు రాయడం వస్తే మంచిదే. రాకపోయినా సగం దారి వరకు నిక్షేపంగా రావచ్చు.

మొదలుపెట్టేముందు ఒక మాట. "మా కమ్యూనిటీలో చేరండి" అంటూ ప్రవేశ రుసుము అడిగినా, మీ కింద ఇంకో ఇద్దరిని చేర్పించమన్నా, నెలకు ఇంత శాతం ఖాయమన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. అలాంటి మాటలు నమ్మి పొదుపు సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అసలు కమ్యూనిటీలో చేరడానికి పైసా కట్టనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తొలి పని చదవడం. సతోషి నకమోటో పేరుతో 2008 అక్టోబర్ 31న బయటికొచ్చిన బిట్‌కాయిన్ మూలపత్రం తొమ్మిది పేజీలే. ఐదో విభాగంలో నెట్‌వర్క్ పనితీరును ఆరు మెట్లలో చెప్పారు. అది ఎవరికైనా అప్పజెప్పగలిగేంత బాగా చదవండి. పదకొండో విభాగంలోని సంభావ్యత లెక్కలు మొదటిసారి కొరుకుడు పడకపోతే దాటేయండి, తర్వాత చూసుకోవచ్చు.

ఇక అసలు పని: సొంత నోడ్ నిలబెట్టడం. నా దృష్టిలో సభ్యత్వం మొదలయ్యేది ఇక్కడే. చెల్లింపులను మూటగట్టి చేర్చే ఒక్కో పేజీని బ్లాకు అంటారు. నోడ్ అంటే మొదటి బ్లాకు నుంచి నేటి దాకా జరిగిన ప్రతి చెల్లింపునూ స్వయంగా సరిచూసే ప్రోగ్రాము. షావుకారు చెప్పిన మొత్తాన్ని నమ్మకుండా ఇంటికొచ్చి కాగితం మీద మళ్లీ కూడుకుంటాం చూడండి, అదే పని ఇది చేస్తుంది. బిట్‌కాయిన్ కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పూర్తి చిట్టా దాచుకోవాలంటే 1 టెరాబైట్ ఎస్ఎస్‌డీ కావాలి. పాత హార్డ్ డిస్కుతో కూడా పని జరుగుతుంది గానీ నెమ్మదికి విసుగొస్తుంది. అంత చోటు లేకపోతే "ప్రూన్" అనే సెట్టింగు పెట్టండి. ప్రతి బ్లాకునూ దించుకుని, సరిచూసి, పాతవాటిని చెరిపేస్తూ పోతుంది. బ్లాకుల ఫైళ్లకు కనీసం 550 మెగాబైట్లు కేటాయిస్తే సరిపోతుంది. తనిఖీలో మాత్రం ఏ తేడా ఉండదు.

డౌన్‌లోడ్ చేశాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. సాఫ్ట్‌వేర్‌తోపాటు హ్యాష్‌ల (ఫైలుకు వేలిముద్రలాంటి 64 అక్షరాల వరుసల) జాబితా ఒకటి, దానిమీద పలువురు డెవలపర్లు పెట్టిన డిజిటల్ సంతకాలు ఉంటాయి. మీ ఫైలు హ్యాష్‌ను మీ యంత్రం మీదే లెక్కించి జాబితాతో పోల్చండి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ 64 అక్షరాల వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ తర్వాత సంతకాలు చూడండి. ఈ పావుగంట పనిని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. కానీ నకిలీ సాఫ్ట్‌వేర్ మీ గడప దాటకుండా ఆపేది ఇదొక్కటే.

నోడ్ మొదలయ్యాక లాగ్ ఫైలు తెరిచి పెట్టుకోండి. బ్లాకు వెంట బ్లాకు చేరుతున్నకొద్దీ వరుసలు పైకి పాకుతుంటాయి. ప్రతి వరుసలో బ్లాకు ఎత్తు, తేదీ, ఎంత పూర్తయిందో చెప్పే అంకె కనిపిస్తాయి. 2009, 2010 సంవత్సరాలు నిమిషాల్లో గడిచిపోతాయి, ఎందుకంటే అప్పటి బ్లాకులు దాదాపు ఖాళీ. 2015 దాటాక నడక మందగిస్తుంది. యంత్రాన్ని బట్టి మొత్తం ఒకరోజు నుంచి వారం పైన పట్టొచ్చు. ఒక సంగతి గమనించండి: త్వరగా పూర్తి కావడం కోసం ఈ ప్రోగ్రాము ఒక నిర్ణీత బ్లాకు వరకు పాత చెల్లింపుల మీది సంతకాల తనిఖీని వదిలేస్తుంది. అదీ సరిచూడాలనుకుంటే "అస్యూమ్‌వ్యాలిడ్" విలువను 0 చేయండి. సమయం ఎక్కువ పడుతుంది. ఒక్కసారైనా అలా నడిపించడం మంచిదని నేనంటాను.

సాధనకు అసలు డబ్బు ముట్టుకోనక్కర్లేదు. రెగ్‌టెస్ట్ అనే విధానంలో మీ ల్యాప్‌టాప్‌లోనే సొంత నెట్‌వర్క్ పెట్టుకుని, ఒక్క ఆజ్ఞతో బ్లాకులు పుట్టించవచ్చు. ముందు 100 బ్లాకులు పుట్టించి నిల్వ చూడండి, ఖర్చుపెట్టదగింది సున్నా అంటుంది. ఇంకొకటి పుట్టిస్తే 50 కాయిన్లు కనిపిస్తాయి. బ్లాకు పుట్టించిన మైనర్‌కు వచ్చిన బహుమతి, ఆ బ్లాకు మీద మరో 100 బ్లాకులు పడితే గానీ చెల్లదన్న నియమం అలా కళ్లముందు తేలుతుంది. అసలు నెట్‌వర్క్‌లో 2,10,000 బ్లాకులకోసారి జరిగే బహుమతి సగమయ్యే తంతు ఇక్కడ 150 బ్లాకులకే జరుగుతుంది. నాలుగేళ్లు పట్టేదాన్ని ఒక సాయంత్రం చూసేయవచ్చు. తిరిగి తెరవడానికి పన్నెండు పదాలు ఇచ్చే వ్యాలెట్ ఏదైనా తీసుకుని ఆ పదాలను కాగితం మీద రాసుకోవడం, వ్యాలెట్ చెరిపేసి మళ్లీ ఆ పదాలతో తెరవడం కూడా ఈ దశలోనే, విలువలేని కాయిన్లతోనే నేర్చుకోండి. ఆ పదాలు అడిగేవాడు ఎవడైనా దొంగే.

(కాయిన్లు కొనడం వేరే నిర్ణయం. కొంటే 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో లాభంపై 30 శాతం పన్ను ఉందని, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తగ్గించుకునే వీలు లేదని గుర్తుంచుకోండి.)

ఇప్పుడు మనుషుల మధ్యకు వెళదాం. కొత్తగా వచ్చినవాళ్లకు పెద్ద మార్పు ఒకటి రాసి పేరు తెచ్చుకోవాలని ఉంటుంది. ఇక్కడ కొరత కోడు రాసేవాళ్లకు లేదు. ఇతరులు రాసింది చదివి, నడిపి, తప్పు పట్టేవాళ్లు చాలరు. అందుకే 2019లో బిట్‌కాయిన్ కోర్ పీఆర్ రివ్యూ క్లబ్ మొదలైంది (పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్, కోడులో ప్రతిపాదించిన మార్పు). ఒక మార్పును ఎంచుకుని, ప్రశ్నలు ముందే ఇచ్చి, అందరూ కలిసి చర్చిస్తారు. పాత సమావేశాల ప్రశ్నలూ జవాబులూ ఎవరైనా చదువుకోవచ్చు. చిన్న మార్పు తీసుకోండి. జవాబులు చూడకముందే మీ జవాబులు రాసుకోండి. తర్వాత ఆ కోడును మీ యంత్రం మీద బిల్డ్ చేసి, పరీక్షలు నడపండి. అభిప్రాయం చెప్పే పద్ధతి కూడా స్థిరపడింది: ఆలోచన బాగుంటే "కాన్సెప్ట్ యాక్", పరీక్షించి ఒప్పుకుంటే "టెస్టెడ్ యాక్", వద్దనుకుంటే "నాక్". నాక్ చెప్పినప్పుడు సాంకేతిక కారణం రాయకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోరు. యాక్ చెప్పినప్పుడు ఏయే ఆజ్ఞలు నడిపారో, ఏం కనిపించిందో రాయండి. "బాగుంది" అని ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు.

ఈ పని ఎంత విలువైనదో 2018 సెప్టెంబర్ చెప్పింది. 2016లో వేగం పెంచడానికి బిట్‌కాయిన్ కోర్‌లో ఒక తనిఖీని తీసేశారు, అది అనవసరమని అందరూ అనుకున్నారు. దానివల్ల ఒకే కాయిన్‌ను ఒకే చెల్లింపులో రెండుసార్లు ఖర్చుపెట్టి, లేని కాయిన్లు పుట్టించే దారి తెరుచుకుంది. ఎవరైనా దాన్ని వాడుకుని ఉంటే, మొత్తం 2.1 కోట్ల కాయిన్లకు మించి ఉండవన్న పరిమితి వట్టి మాటగా మిగిలిపోయేది. రెండేళ్లు ఎవరి కంటా పడలేదు. పట్టుకున్నది అవేమనీ అన్న మారుపేరుతో పనిచేసే డెవలపర్. అతను బిట్‌కాయిన్ క్యాష్ వర్గం మనిషి. 2017 ఆగస్టు 1న వాదులాడుకుని విడిపోయిన వర్గం అది. అయినా సెప్టెంబర్ 17న లోపాన్ని గుట్టుగా తెలియజేశాడు, మర్నాటికే సవరించిన 0.16.3 వెర్షన్ విడుదలైంది. కమ్యూనిటీకి కట్టుబడటం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ మనిషినే.

కాబట్టి ఏడాదిపాటు ఒక్క మూల పట్టుకోండి: వ్యాలెట్, నెట్‌వర్క్, పరీక్షలు, పత్రాలు, ఏదైనా ఒకటి. పరీక్షల్లో చాలా భాగం పైథాన్‌లో ఉంటాయి గనక మన ఇంజినీరింగ్ విద్యార్థులకు అదే దగ్గరి దారి. కోడు రానివాళ్లు కోర్ సాఫ్ట్‌వేర్ తెరమీద కనిపించే మాటలను ట్రాన్సిఫెక్స్‌లో అనువదించవచ్చు. విద్యార్థులకు సమ్మర్ ఆఫ్ బిట్‌కాయిన్ ఇంటర్న్‌షిప్ ఉంది. పని చేసి చూపించినవాళ్లకు బ్రింక్, ఓపెన్‌శాట్స్, స్పైరల్ వంటి సంస్థలు గ్రాంట్లు ఇస్తాయి, అయితే వాళ్లు చూసేది మీరు ఇంతవరకు బహిరంగంగా చేసిన సమీక్షలనే.

నోడ్ నిలబెట్టడం వచ్చినవాళ్లకు నా విన్నపం ఒకటే. మీ కాలేజీలోనో ఆఫీసులోనో మరొకరి పక్కన కూర్చుని, హ్యాష్ సరిచూడటం దగ్గర్నుంచి రెగ్‌టెస్ట్ దాకా తెలుగులో నేర్పండి.