సెట్టు బిగించాక మీటర్ లైట్లు పోతే

హోసూరులోనైనా, కృష్ణగిరిలోనైనా కారు యాక్సెసరీ షాపులో పనిచేసే ఫిట్టరుకి సాయంత్రం ఒత్తిడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంకో రెండు బండ్లు బయట ఉంటాయి. ట్యాక్సీ డ్రైవరు బెంగళూరు ఎయిర్‌పోర్టు ట్రిప్పుందని తొందరపెడతాడు. ఆండ్రాయిడ్ సెట్టు బిగించారు, పాట వచ్చింది, బిల్లు కట్టాడు, వెళ్లిపోయాడు. వెలుతురు ఉంది కాబట్టి హెడ్‌లైటు ఎవరూ వేసి చూడలేదు. చీకటిపడ్డాక ఫోనొస్తుంది: "అన్నా, మీటర్ లైట్లు పోయినాయి."

రేపు తీసుకురమ్మని ఫోన్ పెట్టేయకండి. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు లైట్లూ, పార్కింగ్ లైట్లూ, వెనక టెయిల్ లాంపులూ ఒకే ఫ్యూజు మీద నడుస్తాయి. మీటరు చీకటైందంటే వెనక ఎర్రలైట్లు కూడా ఆరిపోయి ఉండొచ్చు. ముందు హెడ్‌లైటు బాగానే వెలుగుతుంటుంది, అందుకే డ్రైవరుకి అనుమానం రాదు. ఎన్‌హెచ్ 44 మీద రాత్రి లారీల ముందు అలా పోవడం ప్రాణాలమీదికి తెస్తుంది. దగ్గర్లోని పెట్రోల్ బంకులోకి తీసుకెళ్లి, దిగి వెనక లైట్లు చూడమని చెప్పండి. వెలగకపోతే బండి కదలకూడదు.

ఎక్కువసార్లు తప్పు ఆరెంజ్ వైరు దగ్గరే ఉంటుంది. సెట్టుతో వచ్చే వైర్లలో పసుపు బ్యాటరీది, ఎరుపు ఇగ్నిషన్‌ది, నలుపు ఎర్త్. ఆరెంజ్ ఇల్యుమినేషన్ వైరు, అంటే లైట్లు వేసినప్పుడు స్క్రీన్ వెలుగు తగ్గించేది. దాంతో పనేముందిలే అని కొందరు దానికి రావాల్సిన కారు వైరుని నలుపుతో కలిపి చుట్టేస్తారు, కొందరు టేపు వేయకుండా వదిలేస్తే కొస వెళ్లి బ్రాకెట్‌కి తగులుతుంది. లైట్ స్విచ్ వేయగానే 12 వోల్టులూ నేరుగా ఎర్త్‌లోకి పోతాయి, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆరెంజ్ వాడకపోతే దానికీ, ఆ కారు వైరుకీ విడివిడిగా టేపు వేయండి.

ఈ రంగులు సెట్టు వైపువి మాత్రమే. కారు వైపు రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, వాటిని నమ్మి కలపొద్దు. మల్టీమీటరు పెట్టండి: పార్క్ లైటు ఆపితే సున్నా, వేస్తే 12 చూపించేదే ఇల్యుమినేషన్ వైరు. కొన్ని కార్లలో, ముఖ్యంగా పాత టొయోటాల్లో, డిమ్మర్ ఎర్త్ వైపున ఉంటుంది. ఆ వైరుని బాడీ ఎర్త్‌కి కలిపితే ఫ్యూజు పోదుగానీ, మీటర్ లైట్లు ఎప్పుడూ ఫుల్లుగా వెలుగుతాయి, డిమ్మర్ పనిచేయదు.

ఒక కేసు చూద్దాం. 10 ఆంపియర్ల ఫ్యూజు పోయింది, కొత్తది వేస్తే అదీ పోయింది. షాపు ఓనరు 20 వేసి పంపెయ్యమంటాడు. వేయొద్దు. పెద్ద ఫ్యూజు నిలబడితే ఆ షార్టుకి కాలేది వైరు, అదీ డ్యాష్‌బోర్డు లోపల. ముందు సెట్టు కప్లరు ఊడదీసి, అదే 10 వేసి, లైట్లు వేయండి. ఫ్యూజు నిలబడితే తప్పు మీ కలపడంలోనే ఉంది. మళ్లీ పోతే కారు వైరింగు చూడాలి. సెట్టు వెనక్కి నెట్టినప్పుడు ఏ వైరన్నా బ్రాకెట్ అంచుకి నలిగిందేమో, స్క్రూ దిగిందేమో మొదట చూడండి.

ప్యానెల్ విప్పేటప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి కప్లర్లు పీకొద్దు. ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన కప్లరు ఊడితే ఆ వార్నింగ్ లైటు వెలిగి, చాలా కార్లలో తిరిగి పెట్టినా ఆరదు. స్కానర్ కావాలి, ఆ ఖర్చు మీ మెడకే చుట్టుకుంటుంది.

మిమ్మల్ని కాపాడేది ఒక అలవాటు. పని మొదలుపెట్టేముందు కస్టమర్ ఎదుటే లైట్లు, ఇండికేటర్లు, మీటరు అన్నీ వేసి ఫోన్‌లో వీడియో తీయండి. అప్పటికే పోయి వచ్చిన టెయిల్ లాంపుకి కూడా ఫిట్టరే మాటపడుతుంటాడు. పనయ్యాక అదే వరస మళ్లీ. ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఓనరు విసుక్కుంటే, తిరిగొచ్చిన బండికి పోయే గంట ఎవరి ఖాతాలో రాస్తారో అడగండి. మర్యాదగానే అడగండి.

కంపెనీ కప్లరు మాత్రం కత్తిరించొద్దు. ఆ మోడలుకి సరిపోయే అడాప్టర్ వైరింగు దొరుకుతుంది, దాని ధర ముందే చెప్పి బిల్లులో చేర్చండి. కోసిన వైరు చూస్తే సర్వీస్ సెంటర్‌వాళ్లు ఎలక్ట్రికల్ వారంటీ వర్తించదని అనొచ్చు, కస్టమర్ నేరుగా మీ దగ్గరికే వస్తాడు. కొన్ని కొత్త కార్లలో సెట్టు దగ్గరికి ఇల్యుమినేషన్‌కి విడి వైరే రాదు, లైటు సమాచారం క్యాన్ లైన్ మీద వస్తుంది. ఆ సమాచారాన్ని సెట్టుకి అందించే డీకోడర్ బాక్సు లేకుండా అలాంటి బండి వస్తే ఎక్కడో ఒక వైరు వెతికి ముడేయకుండా, బాక్సు తెప్పించే దాకా ఆ పని ఒప్పుకోకండి.