మందులు సరే, నిద్ర మాటేమిటి?

ప్రశ్నలు - జవాబులు

దీర్ఘకాలిక జబ్బుల గురించి వచ్చే ఉత్తరాల్లో మందుల పేర్లు, పరీక్షల అంకెలు వివరంగా ఉంటాయి. నిద్ర సంగతి మాత్రం చివర్లో ఒక్క వాక్యంలో తేలిపోతుంది, జబ్బు తగ్గితే నిద్ర అదే వస్తుందిలే అన్నట్టు. పాతికేళ్ల పరిశోధనలు చెబుతున్నది వేరు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక వ్యవస్థ రేపే వాపు) నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతుంది. రెండింటికీ ఒకేసారి వైద్యం చేయాలి. ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఐదేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. పగలు ఎలాగో నెట్టుకొస్తున్నాను కానీ తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది. లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. పాల ప్యాకెట్ కత్తిరించడానికి కూడా మా అమ్మాయిని పిలవాలి. 'ఎక్కువ ఆలోచిస్తున్నావు, అందుకే నిద్ర పట్టట్లేదు' అంటారు ఇంట్లో. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మిమ్మల్ని ఆ వేళకు లేపుతున్నది ఆలోచనలు కాదమ్మా, మీ జబ్బే. మన రోగనిరోధక వ్యవస్థ కూడా గడియారం ప్రకారమే నడుస్తుంది. కీళ్లవాతం ఉన్నవారి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం తెల్లవారుజామున బాగా పెరుగుతుంది. కీళ్లలో వాపు, బిగువు తెచ్చేవాటిలో అది ముఖ్యమైనది. దాన్ని అదుపు చేయాల్సిన కార్టిసాల్ అర్ధరాత్రి వేళ తక్కువగా ఉంటుంది, తెల్లవారేకొద్దీ పెరుగుతుంది. ఈ జబ్బులో ఆ పెరుగుదల సరిపోదు. అందుకే మూడు, నాలుగింటికి మెలకువ, పొద్దున్నే బిగువు.

దీన్ని పట్టుకునే జర్మనీ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. పడుకునేముందు మింగితే దాదాపు నాలుగు గంటల తర్వాత, అంటే రాత్రి రెండింటి ప్రాంతంలో కరిగేలా తయారుచేసిన స్టెరాయిడ్ మాత్రను 288 మంది రోగుల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అదే మందును పొద్దున వేసుకున్నవారిలో బిగువు ఉండే సమయం దాదాపు మారలేదు. రాత్రి ప్రత్యేక మాత్ర వేసుకున్నవారిలో అది సుమారు 23 శాతం తగ్గింది. ఇది చదివి మామూలు స్టెరాయిడ్ మాత్రను రాత్రికి మార్చుకోకండి. అది వెంటనే కరిగిపోతుంది, ఉన్న కాస్త నిద్రనూ పోగొడుతుంది.

రెండో సంగతి నొప్పి గురించి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 32 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలతో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. కొందరిని రాత్రంతా మాటిమాటికీ లేపారు. మరికొందరిని ఆలస్యంగా పడుకోనిచ్చి, అంతే సేపు ఏకధాటిగా నిద్రపోనిచ్చారు. నొప్పిని తనంతట తాను అణచుకునే శక్తి శరీరానికి ఉంటుంది. అది తగ్గింది మాటిమాటికీ లేపినవారిలోనే, పైగా ఏ కారణం లేకుండానే వారికి ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. ముక్కలు ముక్కలయ్యే నిద్ర ఎంత చేటో దీన్నిబట్టి తెలుస్తుంది. మీ నొప్పి నిద్రను తెంపుతోంది, తెగిన నిద్ర మర్నాటి నొప్పిని పెంచుతోంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది: రాత్రి ఎన్నిసార్లు లేచారో, పొద్దున వేళ్లు ఎంతసేపటికి వదులయ్యాయో రెండు వారాలు క్యాలెండర్‌లో రాసి కీళ్లవాత నిపుణులకు చూపించండి. మందు వాడుతూ కూడా గంటసేపు బిగువు ఉందంటే జబ్బు పూర్తిగా అదుపులో లేనట్టే. మోతాదు పెంచడమో, మరో మందు చేర్చడమో వారు ఆలోచిస్తారు. పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి, వేళ్లు మెల్లగా ఆడించండి. మెడికల్ షాపులో కలగలిపి ఇచ్చే నొప్పి మాత్రల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో స్టెరాయిడ్ ఉన్నా మీకు తెలియదు.

ప్రశ్న: మా ఆయనకు 52 ఏళ్లు, లారీ నడుపుతారు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా తగ్గట్లేదు. గురక పక్క వాటా వాళ్లకు వినిపిస్తుంది. మధ్యలో గురక ఆగిపోతుంది, కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటారు. పగలు కూర్చున్నచోటే కునుకు. డాక్టరుకు చెబుదామంటే 'గురకకు కూడా డాక్టరా' అని కొట్టిపారేస్తున్నారు.
– ఒక గృహిణి, సూర్యాపేట

జవాబు: మీరు చూసింది చాలా విలువైన వైద్య సమాచారమమ్మా. గురక ఆగడం, ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి పీల్చడం స్లీప్ ఆప్నియా లక్షణాలు. ఇది రోగికి తెలియదు, పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు కంగారుపడి ఒక్క క్షణం లేపుతుంది. అప్పుడు ఆడ్రినలిన్ ఎగసి బీపీ పైకి లేస్తుంది. గంటకు ఇలా అయిదుసార్లకు మించితే జబ్బు కింద లెక్క, ముప్పై దాటితే తీవ్రమైనది. రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. మూడు మాత్రలకూ లొంగని బీపీ వెనుక తరచూ కనబడే కారణాల్లో ఇదొకటి.

దీనికి స్లీప్ టెస్ట్ చేస్తారు. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్, ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ కట్టి రాత్రంతా రికార్డు చేస్తారు. కొందరికి ఇంట్లోనే చేయవచ్చు. ఆప్నియా తేలితే సీప్యాప్ యంత్రం ఇస్తారు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ లోకానికి చూపించిన పద్ధతి ఇది. మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడి గొంతును మూసుకోనివ్వదు.

దీనివల్ల ఏమి వస్తుంది, ఏమి రాదు అన్నది కూడా తెలిసి ఉండాలి. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చిన 2,717 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. సీప్యాప్ వల్ల గుండెపోట్లు తగ్గలేదు. కాకపోతే వారు యంత్రాన్ని రాత్రికి సగటున 3.3 గంటలే వాడారు. పగటి మగత, మనసు బాగుండకపోవడం మాత్రం బాగా తగ్గాయి. కాబట్టి యంత్రం కొని మూల పెట్టేస్తే లాభం లేదు, రాత్రంతా పెట్టుకోవాలి. బరువు తగ్గడం, రాత్రిపూట మద్యం మానడం, పక్కకు తిరిగి పడుకోవడం కూడా కావాలి. బీపీ, షుగర్ మాత్రలు మానకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం: పరీక్ష, వైద్యం పూర్తయ్యేదాకా రాత్రిపూట లారీ ఎక్కనివ్వకండి. ఆయన గురక ఆగి మళ్లీ మొదలయ్యేది మీ ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీయండి. ముందు ఆయనకు, తర్వాత డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. అమెరికా ప్రాజెక్టు కావడంతో మూడేళ్లుగా నైట్ షిఫ్టే. పగలు నాలుగైదు గంటలు పడుకుంటాను. ఈమధ్య హెల్త్ ప్యాకేజీలో హెచ్ఎస్-సీఆర్‌పీ 4.2 వచ్చింది, పక్కన ఎర్రక్షరాల్లో 'హై రిస్క్' అని ఉంది. గుండెపోటు వస్తుందా? పసుపు క్యాప్సూళ్లు మొదలుపెట్టనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఒక్క అంకె చూసి భయపడకండి. సీఆర్‌పీ అనేది ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం అందగానే కాలేయం తయారుచేసే ప్రొటీన్. 1930లో న్యూమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. గుండె జబ్బు అంచనాకు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ, 3 దాటితే ఎక్కువ అని లెక్క. అయితే జలుబు, చిగుళ్ల వాపు, చిన్న దెబ్బ, ఊబకాయం, పొగతాగడం దేనివల్లయినా ఇది పెరుగుతుంది. ఏ జ్వరమూ జలుబూ లేని రోజుల్లో, కనీసం రెండు వారాలు ఆగి మళ్లీ చేయించండి. దాంతోపాటు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, నడుము కొలత కూడా చూడాలి. మీ గుండె సంగతి సీఆర్‌పీ కన్నా అవే ఎక్కువ చెబుతాయి.

మీరు పట్టించుకోవాల్సింది ఆ నాలుగైదు గంటల నిద్రను. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆ కొద్ది రోజుల్లోనే వారి శరీరం గ్లూకోజును అదుపు చేసుకోలేకపోయింది. 2009లో మరో బృందం 153 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. ఏడు గంటలలోపు నిద్రపోయేవారికి, ఎనిమిది గంటలు నిద్రపోయేవారికన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జలుబు పట్టింది.

ఉద్యోగం మానేయమని నేననను, ఇంటి బాధ్యతలు మీకుంటాయి. ఉద్యోగం చేస్తూనే ఇవి పాటించండి. సెలవు రోజుల్లో కూడా నిద్రలో కనీసం నాలుగు గంటలు ఒకే వేళకు పడేలా చూసుకోండి. కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయండి, పడుకునే వేళ కాలింగ్ బెల్, ఫోను ఆపేయండి. పడుకోవడానికి ఆరు గంటల ముందు నుంచి కాఫీ, టీ వద్దు. అర్ధరాత్రి రెండింటికి బిర్యానీ ఆర్డరు చేయడం మానేసి, షిఫ్టుకు వెళ్లేముందే కడుపునిండా తినండి. 2021లో 19 మందితో చేసిన ప్రయోగంలో, రాత్రి పని చేసినా తిండి పగలే తిన్నవారికి రక్తంలో షుగర్ పెరగలేదు, రాత్రిపూట తిన్నవారికి పెరిగింది. చిన్న ప్రయోగమే అయినా పాటిస్తే పోయేదేమీ లేదు. ఏడాదిలో కొన్ని నెలలైనా పగటి షిఫ్టు ఇమ్మని మేనేజరును గట్టిగా అడగండి.

పసుపు కూరలో వేసుకోండి, పాలలో తాగండి. ఎక్కువ మోతాదు కర్క్యుమిన్ క్యాప్సూళ్లతో, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవాటితో, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. అవి మీ తగ్గిన నిద్రను భర్తీ చేయవు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని, 71 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా రాత్రిపూట ఆల్ప్రాజోలం వేసుకుంటున్నాను, మందుల షాపులో తెలిసిన కుర్రాడు ఇస్తాడు. అయినా అయిదు గంటలకు మించి నిద్ర లేదు. నిద్ర తక్కువైతే మతిమరుపు వస్తుందని చదివి భయమేసింది. మాత్ర మానేద్దామనుకుంటున్నాను.
– నిజామాబాద్

జవాబు: మానాలన్న ఆలోచన మంచిదే మాస్టారూ, కానీ ఒక్కసారిగా మానకండి. మీ జిల్లాలో 2015 నాటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోగానే ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపేవాటిలో ఆల్ప్రాజోలం ఒకటి. ఒంటికి అలవాటైన ఈ మందును డాక్టరు పర్యవేక్షణలో వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. చీటీ లేకుండా దీన్ని అమ్మడం చట్టవిరుద్ధం కూడా. మీ వయసులో ఇది రాత్రిపూట తూలి పడడానికి, తుంటి ఎముక విరగడానికి దారితీస్తుంది.

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి వైద్యం మాత్ర కాదని, నిద్ర అలవాట్లను సరిదిద్దే మానసిక చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. అందులో ముఖ్యమైనవి రెండు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచమెక్కడం, ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి కుర్చీలో కూర్చోవడం ఒకటి. మీకు వచ్చేది అయిదు గంటల నిద్రే అయితే మంచం మీద తొమ్మిది గంటలు దొర్లకుండా, ముందు ఆరు గంటలే కేటాయించి, నిద్ర గట్టిపడ్డాక మెల్లగా పెంచడం రెండోది. ఫిట్స్, బైపోలార్ వంటి జబ్బులుంటే ఈ రెండోది డాక్టరును అడగకుండా చేయకూడదు.

ఈ చికిత్స ఇన్‌ఫ్లమేషన్ మీద కూడా పనిచేస్తుందా అని లాస్ ఏంజెలెస్‌లో మైకేల్ ఇర్విన్ బృందం చూసింది. నిద్రలేమి ఉన్న, 55 ఏళ్లు దాటిన 123 మందితో చేసిన ఆ అధ్యయనం 2014లో వచ్చింది. ఈ చికిత్స పొందినవారిలో నిద్ర మెరుగుపడడమే కాదు, సీఆర్‌పీ ఎక్కువగా ఉండే ముప్పు కూడా తగ్గింది. అదే బృందం తర్వాత 291 మంది పెద్దవారితో చేసిన మరో అధ్యయనంలో, ఈ చికిత్స తీసుకున్నవారికి డిప్రెషన్ రావడం దాదాపు సగానికి తగ్గింది.

మతిమరుపు భయం పక్కన పెట్టండి. నిద్రకూ మతిమరుపుకూ సంబంధం కనబడింది కానీ, అయిదు గంటలు నిద్రపోయే ప్రతివారికీ ఆ జబ్బు రాదు. ఆ భయంతో గడియారం చూస్తూ పడుకుంటే ఉన్న నిద్రా పోతుంది. దగ్గర్లోని సైకియాట్రిస్టును కలవండి. కుదరకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: కోవిడ్ వచ్చి తగ్గింది కానీ ఏడాదిగా నీరసం వదల్లేదు. రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నా లేచేసరికి అలసటే. ఒకరోజు ఇల్లంతా సర్దితే మర్నాటి నుంచి మూడు రోజులు మంచం పడుతున్నాను. 'వాకింగ్ చేయి, అదే తగ్గుతుంది' అంటున్నారు.
– 35 ఏళ్ల పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ముందు రక్తహీనత, థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు చేయించండి. స్లీప్ ఆప్నియా, డిప్రెషన్ లేవని కూడా తేల్చుకోవాలి. అవన్నీ సరిగా ఉంటే, మీరు రాసిన తీరులో ఒక ముఖ్యమైన లక్షణం ఉంది. శ్రమపడిన మర్నాటి నుంచి రోజుల తరబడి కుప్పకూలడం, ఎంత పడుకున్నా సేద తీరకపోవడం వైరస్ జబ్బుల తర్వాత కొందరిలో వచ్చే దీర్ఘకాలిక అలసట జబ్బు గుర్తులు. ఇలాంటివారిని రోజురోజుకూ వ్యాయామం పెంచమని చెప్పడం సరికాదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లో తేల్చాయి. ఇంటిపనిని ముక్కలు చేసుకోండి. అలసట రాకముందే ఆగండి. ఓపిక ఉందనిపించిన రోజున బకాయి పనులన్నీ మీదేసుకోకండి. ఇది బద్ధకం కాదని ఇంట్లోవారికి ఈ జవాబు చదివి వినిపించండి.

అందరికీ: ఇన్ని అధ్యయనాలు చెప్పినా, నిద్ర ఒక్కటే ఏ దీర్ఘకాలిక జబ్బునూ నయం చేయదు. మందులు ఆపి నిద్రను నమ్ముకోమని ఎవరైనా చెబితే వినకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం నాలుగు సంగతులు కాగితం మీద రాసుకెళ్లండి: ఎన్నింటికి పడుకుంటున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, పొద్దున ఎలా ఉంటోంది, గురక ఉందా. వారు అడగకపోయినా మీరే చెప్పండి.