ఆటపెట్టె – కంప్యూటరు

పలనాటి సీమకు ఆటలోని గెలుపోటముల విలువ తెలియనిది కాదు. 12వ శతాబ్దంలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పక్షాల నడుమ సాగిన కోడిపోరు మాచర్లవారిని ఏడేళ్ళ వనవాసానికి పంపి, చివరకు కారెంపూడి యుద్ధానికి దారితీసిందని వీరగాథలు చెబుతాయి. నేడు అదే సీమలో పోరు ఇంటిలోపలికి వచ్చింది. కొడుకు ఆటల కన్సోల్ కావాలంటాడు. తండ్రి కంప్యూటరు కొందామంటాడు. మిరప అమ్మిన సొమ్ముతో రెండింటిలో ఒక్కటే కొనగల కుటుంబానికి ఇది చిన్న తగవు కాదు.

యంత్రభాగాలను మాత్రమే చూస్తే కొడుకు వాదనలో బలమున్నది. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైనప్పుడు ప్లేస్టేషన్ 5 ధర 49,990 రూపాయలు. ఎనిమిది కోర్ల ప్రాసెసరు, బొమ్మలను గీసే గ్రాఫిక్స్ విభాగము అందులో ఒకే చిప్పుపై ఉంటాయి. 16 గిగాబైట్ల మెమరీని రెండూ పంచుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డులకు కరవు వచ్చిన ఆ సంవత్సరంలో అదే సొమ్ముతో అంతటి శక్తిగల కంప్యూటరును కూర్చుకోవడం అసాధ్యమనే చెప్పాలి. పైగా కన్సోళ్ళన్నిటికీ నిర్మాణం ఒక్కటే కనుక ఆటల రూపకర్తలు దాని శక్తిని చివరి బొట్టు వరకు పిండుకోగలరు. 2000లో వెలువడిన ప్లేస్టేషన్ 2 లోని ప్రధాన మెమరీ 32 మెగాబైట్లే. అయినా దాని తయారీ 2013 ఆరంభం వరకు సాగింది.

అయితే ఇంత చౌక ఎలా సాధ్యం? లాభం పెట్టెలో కన్న ఆటలలో ఉన్నది. ప్లేస్టేషన్ 3 ను సోనీ సంస్థ తొలినాళ్ళలో తయారీ ఖర్చుకన్న తక్కువకే అమ్మింది. ప్లేస్టేషన్ 5 కొత్త ఆటలు కొన్ని 4,999 రూపాయలకు వచ్చాయి. అటువంటివి పది కొంటే పెట్టె ధర మరొకమారు చెల్లించినట్లే. ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడవలసిన ఆటలలో అనేకానికి చందా వేరు. డిస్కు లేని రకము విడుదలనాడు పదివేలు తక్కువే గాని, ఆడి ముగించిన ఆటను మిత్రునికి ఎరువిచ్చే వీలు అందులో లేదు.

కంప్యూటరుకు ఆ కట్టుబాట్లు లేవు. ర్యామ్ చాలకపోతే చేర్చుకోవచ్చు. చెడిన భాగాన్ని నరసరావుపేటలోని రిపేరు దుకాణంలో మార్పించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) 2017 నుండి కంప్యూటరుపైనే జరుగుతున్నది. తొలిసారి మౌస్ పట్టేది పరీక్షాకేంద్రంలోనే అయితే విద్యార్థికి అదొక అదనపు పరీక్ష. మరొక సంగతి. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఆటను రూపొందించినది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. ఆడినవారి చేతిలో ఉన్నది కన్సోల్. తయారుచేసినవారి ముందున్నది కంప్యూటరు.

కొడుకు కోరికను తండ్రి పూర్తిగా కాదననక్కరలేదు. నేడు సాధారణ కంప్యూటరు కొని, మరుసటి పంటకు గ్రాఫిక్స్ కార్డు చేర్చవచ్చు. ఆ కార్డుకు క్యాబినెట్‌లో చోటున్నదో లేదో, పవర్ సప్లై దాని భారాన్ని మోయగలదో లేదో కొనేనాడే దుకాణదారుని అడగాలి.