దూరదేశమందున్న మనవారికి పంపే సొమ్ము

వాక్యభాగములు: ఫిలిప్పీ. 2:25–30, 4:10–20, 2 కొరింథీ. 8:16–24



విదేశమునుండి ఇంటికి వచ్చే డబ్బును గూర్చి మన సంఘములలో చాలా మాట్లాడుకొంటాము. మొదటి జీతములో దశమభాగము పంపిన బిడ్డ కొరకు నిలువబడి ప్రార్థన చేస్తాము. ఇంటినుండి విదేశమునకు పోయే డబ్బును గూర్చి మాత్రము మౌనముగా ఉంటాము. రాజపాళయములో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఇది ఇప్పుడు చిన్న సంగతి కాదు. నూలు మిల్లులో పనిచేసి కూడబెట్టిన పి.ఎఫ్., మామిడితోపు, ఇంటి పత్రము, అమ్మమ్మ మెడలోని గొలుసు, ఇవన్నీ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో చదివే పిల్లల ఫీజులుగా మారిపోతున్నవి. కనుక ఈ పాఠములో పంపేవారి పక్షమున వాక్యమును చదువుదాము.

ఫిలిప్పీ పత్రికను సంతోషమును గూర్చిన పత్రిక అంటాము. అది డబ్బు అందినదని వ్రాసిన ఉత్తరము కూడా. పౌలు దూరమున బంధకములలో ఉన్నాడు. రోమాలో అని అనేక పండితుల అభిప్రాయము. ఆ దినములలో ఖైదీ అవసరములు చాలావరకు బయటివారే చూచుకొనవలసి వచ్చేది. పంపినవారు ధనికులు కారు. మాసిదోనియ సంఘముల పేదరికమును గూర్చి పౌలే కొరింథీయులకు చెప్పుచున్నాడు. అయినను ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపారు. 4:18లో ముట్టినదని చెప్పుటకు పౌలు వాడిన గ్రీకు మాట 'అపెఖో'. ఆ కాలపు రసీదులపై వ్రాసిన మాట అదే. అనగా పౌలు వందనములు చెప్పి ఊరుకోలేదు, లెక్క ముట్టినదని వ్రాసి ఇచ్చాడు. అపొస్తలుడే రసీదు వ్రాయగా, కన్నబిడ్డను లెక్క అడుగుటకు తండ్రి ఎందుకు సిగ్గుపడాలి?

అయితే సంగతి రసీదుతో తీరలేదు. 2:26 చదవండి. డబ్బు తెచ్చిన ఎపఫ్రొదితుకు ప్రాణాపాయమైన జబ్బు చేసింది. ఆ వార్త ఫిలిప్పీకి చేరినదని తెలిసి అతడు ఎంతో బాధపడ్డాడు. ఇక్కడ కొంతసేపు ఆగాలి. ఇంటివారు కంగారుపడతారని జబ్బును దాచే బిడ్డలు మనకు తెలుసు. ఉద్యోగము దొరకలేదని చెప్పలేక వీడియో కాల్‌లో నవ్వే కొడుకు ఒకవైపు. వడ్డీకి తెచ్చిన సంగతి చెప్పక "డబ్బు గొడవ నీకెందుకురా, నువ్వు చదువుకో" అనే నాన్న మరొకవైపు. ఇద్దరూ ప్రేమతోనే దాస్తున్నారు. వడ్డీ మాత్రము దాగదు. పౌలు జబ్బును తక్కువచేసి చెప్పలేదు. ఎంతవరకు వచ్చినదో అంతా వ్రాశాడు, ఆ మనిషిని ఇంటికి పంపాడు. పంపిన పని ముగించకుండా వచ్చేశాడని ఎవరైనా అంటారేమోనని కాబోలు, అతనిని గౌరవముతో ఎదుర్కొనమని కూడ వ్రాశాడు. వీసా ముగిసి, అప్పుతో తిరిగివచ్చిన బిడ్డను మనము ఎలా ఎదుర్కొంటున్నాము? మొదటి ఆదివారమే గుడి గుమ్మములో "ఎందుకు వచ్చేశావు?" అని అడిగేవారు మనలో ఉన్నారు.

దూరమునకు పంపుట తెలుగు బాప్టిస్టులకు క్రొత్త కాదు. 1860లో మద్రాసునుండి 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరినది మొదలు, వేలాది తెలుగువారు ఒప్పంద కూలీలుగా అక్కడి చెరకు తోటలకు వెళ్లారు. మొదటి సంవత్సరము జీతము నెలకు 10 షిల్లింగులు. వారిలో బాప్టిస్టులును ఉన్నారు. వారి కొరకు తెలుగు బాప్టిస్టు హోం మిషను సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆయన కియర్స్‌నీ తేయాకు తోటలో సేవ ఆరంభించి, 1915లో మరణించారు. ఇక్కడి సంఘములు అక్కడివారికి పంపినది షిల్లింగులు కాదు, మనిషిని.

ఇక పంపే మార్గము సంగతి. యెరూషలేము కొరకు పోగైన చందాను పౌలు ఒక్కడే మోయలేదు. తీతును, మరి ఇద్దరు సహోదరులను దానికి నియమించాడు. మనుష్యుల యెదుట కూడ నింద ఉండకూడదని ఆయన జాగ్రత్త. కమీషను తక్కువ, ప్రశ్నలు అడగరు అని ఉండియలు ద్వారా పంపేవారు దీనిని ఆలోచించాలి. అది చట్టవిరుద్ధము, మధ్యవాడు మాయమైతే ఎక్కడా చెప్పుకోలేము. రిజర్వు బ్యాంకు పథకము ప్రకారము 2015 నుండి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరములో 2,50,000 డాలర్ల వరకు బ్యాంకు ద్వారానే పంపవచ్చును. 2025 ఏప్రిల్ నుండి 10 లక్షల రూపాయలు దాటిన భాగముపై బ్యాంకు ముందుగా పన్ను పట్టుకొంటుంది. గుర్తింపు పొందిన సంస్థనుండి తీసికొన్న విద్యారుణముతో కట్టే ఫీజుకు అది లేదు. పట్టుకొన్నది పోయిన డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో చూపి సరిచేసుకోవచ్చు, ఎక్కువైతే తిరిగి పొందవచ్చు.

మరొక మాట. రాజపాళయములో మనము ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళము చదివేవారము. మనవడు ఇంగ్లీషులో పెట్టిన మెసేజి అమ్మమ్మకు చదవరాదు. ఫీజు కట్టినది, మిగిలినది, ఇంకా కావలసినది ఆమెకు తెలుగులో, తన గొంతుతో చెప్పవలెను. గొలుసు ఆమెది.

స్త్రీల సమాజములోను యౌవనుల కూటములోను చర్చించుటకు: మన ఇంటినుండి పోయిన సొమ్ములో అప్పు ఎంత, ఆ సంగతి బిడ్డకు తెలుసా? మార్కు 7:9–13లోని కొర్బాను మాట, సంఘ కానుక ఇవ్వలేకపోయిన తల్లిదండ్రులను గూర్చి మనకు ఏమి నేర్పుచున్నది? ఈ నెల తిరిగివచ్చిన బిడ్డ ఎవరైనా ఉంటే, ఆ ఇంటికి మనలో ఎవరు వెళ్తారు?